బిడ్డకు నీడ, తల్లికి పని: శిశు సంరక్షణలో ప్రభుత్వ సాయం అందే మార్గాలు

(ప్రత్యేక వ్యాసం)

మెదక్: పసిబిడ్డ ఉన్న ఇంట తల్లి పనికి వెళ్ళవలసి వచ్చినప్పుడు ఆ బిడ్డను ఎవరి చేతిలో పెట్టాలన్నది ప్రతి ఉదయం ఎదురయ్యే ప్రశ్న. అవ్వ ఉన్న ఇంట ఆ భారం అవ్వ మీద పడుతుంది. అవ్వ లేని ఇంట, బడికి పోవలసిన అక్క చంకకు తమ్ముడు చేరుతాడు. అక్క కూడా లేకపోతే తల్లి ఆ రోజు కూలిని వదులుకుంటుంది. కొంత ఆదాయం ఉన్న కుటుంబమైతే డబ్బు చెల్లించి ఆయానో, ప్రైవేటు కేంద్రాన్నో ఆశ్రయిస్తుంది. మార్గం ఏదైనా మూల్యం చెల్లించేది కుటుంబమే. ఒక చోట అది వృద్ధురాలి విశ్రాంతి, మరొక చోట ఆడపిల్ల చదువు, ఇంకొక చోట తల్లి వేతనం, వేరొక చోట నగదు.

ఈ మూల్యంలో కొంత భాగాన్ని సమాజం పంచుకోవాలన్న ఉద్దేశంతో గడచిన అయిదు దశాబ్దాలలో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు పలు పథకాలను, చట్టాలను తీసుకువచ్చాయి. అయితే వీటిలో అత్యధికం కుటుంబం చేతికి నగదు అందించేవి కావు. ఒక పథకం బిడ్డకు స్థలాన్ని, మరొకటి తల్లికి సెలవును సమకూరుస్తుంది. ఇంకొకటి యజమానిపై బాధ్యతను మోపుతుంది. నేరుగా నగదు ఇచ్చేవి బహు కొద్ది. శిశు సంరక్షణ సాయమంటే బ్యాంకు ఖాతాలో జమ అయ్యే మొత్తమేనని భావించి, దగ్గరలోనే ఉన్న సేవను గుర్తించని కుటుంబాలు ఉంటాయి. కాగితంపై కేంద్రం ఉన్నంత మాత్రాన తల్లి అవసరం తీరిందని భావించే పొరపాటుకూ అవకాశం ఉంది. ఈ రెండు అపోహలను తొలగించి, ఏ కుటుంబానికి ఏ సాయం వర్తిస్తుందో పాత్రికేయులకు, అధికారులకు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాజ్యాంగం నిర్దేశం

ఆరేళ్ళ లోపు బాలలందరికీ పూర్వ బాల్య సంరక్షణ, విద్య అందించేందుకు రాజ్యం కృషి చేయాలని రాజ్యాంగంలోని 45వ అధికరణం నిర్దేశిస్తున్నది. 2002లో జరిగిన 86వ సవరణ ద్వారా ఈ అధికరణం ప్రస్తుత రూపం దాల్చింది. న్యాయమైన, మానవీయమైన పని పరిస్థితులను, ప్రసూతి సాయాన్ని కల్పించాలని 42వ అధికరణం పేర్కొంటున్నది. మొదటిది బిడ్డ గురించి, రెండవది తల్లి గురించి. శిశు సంరక్షణకు సంబంధించిన విధానాలన్నీ ఈ రెండు ఆశయాల కలయికపై ఆధారపడి ఉన్నాయి.

సంరక్షణ భారం ఇంట్లో ఎవరి మీద ఎంత ఉన్నదో జాతీయ గణాంక కార్యాలయం 2024లో నిర్వహించిన సమయ వినియోగ సర్వే తెలియజేసింది. దేశంలో 15 నుంచి 59 ఏళ్ళ వయసు గల స్త్రీలలో 41 శాతం మంది ఇంటిలోని వారి సంరక్షణలో పాలుపంచుకుంటుండగా, పురుషులలో ఈ నిష్పత్తి 21.4 శాతం మాత్రమే. ఆ పనిలో పాల్గొనే స్త్రీ రోజుకు సగటున 140 నిమిషాలు, పురుషుడు 74 నిమిషాలు వెచ్చిస్తున్నారు. వంట, శుభ్రత వంటి ఇంటి పనులు ఈ లెక్కలో చేరలేదు.

అంగన్‌వాడీ కేంద్రం: మొదటి ఆసరా

సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న దేశవ్యాప్తంగా 33 ప్రాజెక్టులలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. అప్పటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ తదనంతరం 1980లో మెదక్ లోక్‌సభ నియోజకవర్గం నుంచి ఎన్నికై, 1984లో మరణించే వరకు ఈ ప్రాంతానికి ప్రాతినిధ్యం వహించారు. నేడు మెదక్ జిల్లాలో మెదక్, నర్సాపూర్, రామాయంపేట, అల్లాదుర్గం అనే 4 ప్రాజెక్టుల పరిధిలో వెయ్యికి పైగా అంగన్‌వాడీ కేంద్రాలు పనిచేస్తున్నాయి.

అదనపు పోషకాహారం, వ్యాధి నిరోధక టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైన వారిని ఆసుపత్రులకు పంపడం, పూర్వ ప్రాథమిక విద్య, పోషణ ఆరోగ్య అవగాహన అనేవి ఈ పథకం అందించే 6 సేవలు. తెలంగాణ రాష్ట్రంలో 7 నెలల నుంచి 3 ఏళ్ళ లోపు పిల్లలకు నెలకు 2.5 కిలోల బాలామృతం, 16 కోడిగుడ్లు ఇంటికి ఇచ్చే పద్ధతి అమలైంది. 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు కేంద్రంలోనే వేడి భోజనం, గుడ్డు అందిస్తారు. గర్భిణులకు, బాలింతలకు కేంద్రంలోనే ఒక పూట సంపూర్ణ భోజనం, 200 మిల్లీలీటర్ల పాలు, గుడ్డు అందించే ఆరోగ్యలక్ష్మి కార్యక్రమం 2015 జనవరి 1న మొదలైంది.

ఈ సేవలకు కుటుంబం రుసుము చెల్లించవలసిన అవసరం లేదు. ఆ మేరకు ఇది ప్రత్యక్షమైన ఆర్థిక సాయమే. అయితే పై 6 సేవల జాబితాను జాగ్రత్తగా పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. రోజంతా బిడ్డను కనిపెట్టుకొని ఉండడమన్నది అందులో లేదు. మూడేళ్ళ లోపు బిడ్డకు కేంద్రం నుంచి ఆహారం ఇంటికి వస్తుంది కానీ, బిడ్డ పగలంతా కేంద్రంలో ఉండే ఏర్పాటు మూల పథకంలో కల్పించలేదు. తల్లికి తోడు అత్యవసరమైన వయసు మాత్రం సరిగ్గా అదే. ఘనపూర్ ఆనకట్ట కింద వరి నాట్లకు వెళ్ళే కూలీ తెల్లవారగానే బయలుదేరి పొద్దు వాలిన తరువాత ఇంటికి చేరుతుంది. కేంద్రం పనివేళలు ఆమె పనివేళలతో కలిసి రావు. ఈ లోటును పూరించేందుకు ఏర్పడినవే క్రెచ్‌లుగా వ్యవహరించే శిశు సంరక్షణ కేంద్రాలు.

శిశు సంరక్షణ కేంద్రాలు: 1975 నుంచి 'పాల్నా' వరకు

1974లో జాతీయ బాలల విధానం వెలువడిన అనంతరం, పనికి వెళ్ళే తల్లుల, అనారోగ్యంతో ఉన్న తల్లుల పిల్లల కోసం శిశు సంరక్షణ కేంద్రాలు నడిపే స్వచ్ఛంద సంస్థలకు ఆర్థిక సాయం అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 1975లో ప్రవేశపెట్టింది. 1994లో జాతీయ క్రెచ్ నిధి ఏర్పాటైంది. ఈ రెండింటినీ కలిపి 2006 జనవరి 1 నుంచి రాజీవ్‌గాంధీ జాతీయ క్రెచ్ పథకాన్ని అమలుపరిచారు. ఒక్కొక్క కేంద్రంలో 25 మంది పిల్లలు ఉండాలని, ఇద్దరు కార్యకర్తలకు కలిపి నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనం ఇవ్వాలని నాటి నిబంధన. బిడ్డ పోషణకు రోజుకు 2 రూపాయల 8 పైసలు కేటాయించారు.

2017 జనవరి 1 నుంచి ఇది జాతీయ క్రెచ్ పథకంగా మారి, రాష్ట్ర ప్రభుత్వాల ద్వారా అమలయ్యే కేంద్ర ప్రాయోజిత పథకమైంది. వ్యయంలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 30 శాతం, నిర్వహించే స్వచ్ఛంద సంస్థ 10 శాతం భరించాలని నిర్ణయించారు. కార్యకర్తకు నెలకు 3,000, సహాయకురాలికి 1,500 రూపాయలుగా గౌరవ వేతనం ఖరారైంది. తల్లిదండ్రుల నుంచి వసూలు చేసే రుసుము దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు బిడ్డకు నెలకు 20 రూపాయలు. తల్లిదండ్రుల ఉమ్మడి ఆదాయం నెలకు 12,000 రూపాయల వరకు ఉంటే 100, అంతకు మించితే 200 రూపాయలు. ఆదాయాన్ని బట్టి రుసుము, మిగిలిన ఖర్చు ప్రభుత్వానిది అన్న సూత్రానికి ఇది చక్కని ఉదాహరణ.

అయినప్పటికీ కేంద్రాల సంఖ్య పెరగకపోగా తగ్గింది. 2014-15 నాటికి దేశంలో 20 వేలకు పైగా ఉన్న కేంద్రాలు 2020 నాటికి 7 వేల లోపునకు పడిపోయాయి. స్వల్ప గౌరవ వేతనంతో కార్యకర్తలు నిలవడం, స్వచ్ఛంద సంస్థలు తమ వాటాను ప్రతి సంవత్సరం సమకూర్చుకోవడం సులభమైన విషయాలు కావు. రుసుము తక్కువగా ఉన్నా తలుపు తెరిచి ఉంచే మనిషికి తగిన ప్రతిఫలం లేకపోతే సాయం కుటుంబానికి చేరదన్నది ఈ దశ నేర్పిన పాఠం.

ఈ నేపథ్యంలో మిషన్ శక్తి కింద 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ పథకాన్ని 'పాల్నా' పేరుతో పునర్వ్యవస్థీకరించారు. ఉయ్యాల అని ఈ హిందీ మాటకు అర్థం. ఇందులో రెండు మార్పులు ప్రధానమైనవి. మొదటిది, తల్లి ఉద్యోగంలో ఉన్నదా లేదా అన్న నిబంధనతో నిమిత్తం లేకుండా 6 నెలల నుంచి 6 ఏళ్ళ వరకు గల పిల్లలకు ప్రవేశం కల్పించడం. రెండవది, ఉన్న అంగన్‌వాడీ కేంద్రాన్నే శిశు సంరక్షణ కేంద్రంగా కూడా విస్తరించడం. ఎంపిక చేసిన అంగన్‌వాడీలలో 5 శాతం కేంద్రాలకు ఈ హోదా కల్పించాలన్న ఆలోచన 12వ పంచవర్ష ప్రణాళిక కాలంలోనే ఉన్నది. 2025-26 నాటికి దేశంలో 17,000 అంగన్‌వాడీ కమ్ క్రెచ్‌లను నెలకొల్పాలని పాల్నా కింద లక్ష్యంగా నిర్దేశించారు. కేంద్రం నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు తెరిచి ఉండాలి. అక్కడి తల్లులలో అత్యధికుల పనివేళలను బట్టి సమయం నిర్ణయించాలన్నది నియమం. వ్యయంలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. స్వచ్ఛంద సంస్థ వాటా తొలగిపోయింది.

లెక్క ఏమి చెబుతున్నది

పాల్నా కింద అంగన్‌వాడీ కమ్ క్రెచ్‌లో క్రెచ్ కార్యకర్తకు నెలకు 5,500, సహాయకురాలికి 3,000 రూపాయలు నిర్ణయించారు. అదే కేంద్రంలోని అంగన్‌వాడీ టీచరుకు అదనంగా 1,500, ఆయాకు 750 రూపాయలు చెల్లించాలి. ఈ నాలుగు మొత్తాలను కూడితే నెలకు 10,750 రూపాయలు అవుతుంది. కేంద్రంలో 25 మంది పిల్లలు ఉంటే ఒక్కొక్క బిడ్డకు నెలకు 430 రూపాయలు, 26 పనిదినాలకు పంచితే రోజుకు 17 రూపాయల లోపే. ఇది కేవలం మానవ వనరుల ఖర్చు. ఆహారం, సామగ్రి, అద్దె ఇందులో చేరలేదు.

దీనిని తల్లి కోల్పోయే వేతనంతో పోల్చి చూడవచ్చు. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం కింద 2025-26 సంవత్సరానికి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలో నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు. బిడ్డను చూసుకొనేవారు లేక తల్లి నెలలో రెండు రోజులు పని మానుకుంటే ఆ కుటుంబం 614 రూపాయలు నష్టపోతుంది. ఒక బిడ్డను నెల పొడవునా చూసుకొనే సిబ్బందికి ప్రభుత్వం వెచ్చించే మొత్తం కంటే ఇది ఎక్కువ. వ్యయభారం దృష్ట్యా శిశు సంరక్షణ కేంద్రం ఖరీదైన వ్యవహారం కాదని, కుటుంబానికి అది మిగిల్చే మేలు అధికమని ఈ సాధారణ లెక్క తెలియజేస్తున్నది. అయితే ఈ ప్రయోజనం కేంద్రంలో పిల్లల సంఖ్య నిండుగా ఉన్నప్పుడే సిద్ధిస్తుంది. తల్లుల పనివేళలకు అనుగుణంగా లేని కేంద్రంలో ఆ సంఖ్య నిండడం కష్టం.

యజమాని బాధ్యత

కర్మాగారాలలో, సంస్థలలో పనిచేసే తల్లుల విషయంలో చట్టం యజమానిపై బాధ్యత ఉంచింది. 30 మందికి మించి మహిళా కార్మికులు ఉన్న కర్మాగారంలో శిశు సంరక్షణ గది ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పేర్కొన్నది. నిర్ణీత సంఖ్యకు మించి మహిళలు పనిచేసే బీడీ ఖార్ఖానాలలో అటువంటి గది ఉండాలని 1966 నాటి బీడీ, చుట్ట కార్మికుల చట్టం, నిర్మాణ స్థలాలలో ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం ఆదేశించాయి. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి జరిగిన సవరణ ద్వారా వేతనంతో కూడిన ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. ఇద్దరు పిల్లలు ఉన్నవారికి ఆ తరువాతి కాన్పులో 12 వారాల సెలవు లభిస్తుంది. 50 మంది, అంతకు మించి ఉద్యోగులు ఉన్న ప్రతి సంస్థ క్రెచ్ సదుపాయం కల్పించాలని, తల్లి రోజుకు నాలుగు సార్లు బిడ్డ వద్దకు వెళ్ళి రావచ్చునని కూడా ఆ సవరణ నిర్దేశించింది.

పై చట్టాల స్థానంలో రూపొందిన నాలుగు కార్మిక స్మృతులు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి. 50 మంది ఉద్యోగులు ఉన్న సంస్థలో క్రెచ్, రోజుకు నాలుగు సందర్శనలు అనే నిబంధనలు 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలో కొనసాగుతున్నాయి. ఇక్కడ గమనించదగిన అంశం ఒకటి ఉన్నది. పాత ఫ్యాక్టరీల చట్టం మహిళా కార్మికులను మాత్రమే లెక్కించేది. మహిళల సంఖ్యను 30కి లోపు ఉంచితే యజమానికి ఆ బాధ్యత తప్పిపోయేది. కొత్త పద్ధతిలో స్త్రీ, పురుష భేదం లేకుండా మొత్తం ఉద్యోగులను లెక్కిస్తారు. కాబట్టి మహిళలను పనిలోకి తీసుకోవడానికి వెనుకాడే కారణం ఒకటి తగ్గుతుంది. అయితే మొత్తం సిబ్బంది 50కి లోపు ఉండి, వారిలో అధికులు మహిళలే అయిన చిన్న కర్మాగారం ఈ పరిధిలోకి రాదు.

ప్రతి సంస్థ విడిగా కేంద్రం నడపవలసిన అవసరం లేదని, కొన్ని సంస్థలు కలిసి తమ వనరులతో ఉమ్మడి క్రెచ్ ఏర్పాటు చేసుకోవచ్చునని, ప్రభుత్వం, పురపాలక సంఘం లేదా స్వచ్ఛంద సంస్థ నడిపే కేంద్రాన్ని వినియోగించుకోవచ్చునని కూడా స్మృతి వెసులుబాటు కల్పించింది. తూప్రాన్, మనోహరాబాద్ ప్రాంతంలో వలె పరిశ్రమలు దగ్గర దగ్గరగా ఉన్న చోట ఈ వెసులుబాటు ఎంతో ఉపయుక్తం. పనిచేసే చోటికి 500 మీటర్ల లోపు కేంద్రం ఉండాలని 2018లో కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ జారీ చేసిన కనీస మార్గదర్శకాలు సూచించాయి.

చట్టం చేరని ఇళ్ళు

అయితే సంఖ్యపై ఆధారపడిన చట్టం సంఖ్యకు అందని మహిళను చేరలేదు. పూర్వపు ఉమ్మడి మెదక్ జిల్లాలోని సిద్దిపేట, దుబ్బాక, రామాయంపేట ప్రాంతాలలో బీడీలు చుట్టే పని అనేక కుటుంబాలకు ఆధారం. తునికాకు, తంబాకు తెచ్చుకొని ఇంటి అరుగు మీదనే చుట్టే మహిళకు ఖార్ఖానా లేదు. కాబట్టి ఖార్ఖానాకు వర్తించే శిశు సంరక్షణ గది కూడా లేదు. ఇంటి వద్దనే ఉన్నది కనుక బిడ్డను తానే చూసుకుంటున్నదని పైకి అనిపించవచ్చు. వాస్తవానికి పసివాడు పొగాకు పొడి మధ్య ఆడుకుంటాడు. తల్లి చేతి వేగం తగ్గి, చుట్టిన బీడీల సంఖ్యను బట్టి లభించే కూలి తగ్గుతుంది. ఇళ్ళలో పనిచేసేవారు, కైకిలి కూలీలు, వీధి వ్యాపారం చేసుకొనేవారు కూడా ఇదే స్థితిలో ఉన్నారు. వీరందరికీ యజమాని ద్వారం మూసి ఉన్నది కనుక ప్రభుత్వం తెరిచే ద్వారం ఒక్కటే దిక్కు. తల్లి ఉద్యోగ స్థితితో నిమిత్తం లేదన్న పాల్నా నిబంధనకు ఉన్న ప్రాధాన్యం ఇదే.

ఉపాధి పనుల విషయంలో ప్రత్యేక నిబంధన ఉన్నది. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం తొలి విడతలో, 2006 ఫిబ్రవరిలో అమలైన 200 జిల్లాలలో నాటి మెదక్ ఒకటి. పని స్థలానికి 6 ఏళ్ళ లోపు పిల్లలు అయిదుగురు లేదా అంతకు మించి వచ్చినట్లయితే, వారిని చూసుకొనేందుకు కూలీలలో ఒక మహిళను నియమించి ఆమెకు కూడా ఆ రోజు వేతనం చెల్లించాలని ఆ చట్టం షెడ్యూలు పేర్కొన్నది. ఈ చట్టం స్థానంలో కొత్త చట్టానికి పార్లమెంటు 2025 డిసెంబరులో ఆమోదం తెలిపింది. కర్ణాటక ప్రభుత్వం ఒక అడుగు ముందుకు వేసి, ఉపాధి కూలీల పిల్లల కోసం 4,000 గ్రామ పంచాయతీలలో 'కూసిన మనె' పేరుతో శిశు సంరక్షణ కేంద్రాలు నెలకొల్పే కార్యక్రమాన్ని 2023లో చేపట్టింది. పని స్థలంలో చెట్టు నీడకు బదులుగా గ్రామంలో స్థిరమైన గది ఉండాలన్నది దాని సారాంశం.

సెలవు, భత్యం, నగదు

ప్రభుత్వ ఉద్యోగినులకు సాయం సెలవు రూపంలో లభిస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు మొత్తం సర్వీసులో ఇద్దరు పిల్లల కోసం 730 రోజుల శిశు సంరక్షణ సెలవు 2008 నుంచి అమలులో ఉన్నది. 2018 నుంచి ఒంటరి తండ్రులకు కూడా దీనిని వర్తింపజేసి, మొదటి 365 రోజులకు పూర్తి వేతనం, తరువాతి 365 రోజులకు 80 శాతం వేతనంగా నిర్ణయించారు. తెలంగాణ ప్రభుత్వం 2016లో మహిళా ఉద్యోగులకు 90 రోజుల శిశు సంరక్షణ సెలవు మంజూరు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 60 రోజులుగా ఉన్న సెలవు 2022లో 180 రోజులకు పెరిగింది.

వైకల్యం గల కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు శిశు సంరక్షణ ప్రత్యేక భత్యం కూడా ఉన్నది. బిడ్డ పుట్టినప్పటి నుంచి రెండేళ్ళు నిండే వరకు, గరిష్ఠంగా ఇద్దరు పిల్లలకు, 2017 జులై నుంచి నెలకు 3,000 రూపాయలుగా ఉన్న ఈ భత్యం 2024 జనవరి నుంచి 3,750 రూపాయలైంది. శిశు సంరక్షణ కోసమని పేరు పెట్టి నగదు చెల్లించే అరుదైన ఏర్పాటు ఇది.

ఉద్యోగం లేని నిరుపేద కుటుంబాలకు నేరుగా నగదు అందించే ముఖ్యమైన మార్గం మిషన్ వాత్సల్య కింద అమలవుతున్న స్పాన్సర్‌షిప్. వితంతువులు, భర్త విడిచిపెట్టిన వారు, విడాకులు పొందిన వారి పిల్లలు, బంధువుల ఇంట పెరుగుతున్న అనాథలు, ప్రాణాంతక వ్యాధికి గురైన తల్లిదండ్రుల పిల్లలు దీనికి అర్హులు. కుటుంబ వార్షిక ఆదాయం గ్రామీణ ప్రాంతాలలో 72,000, ఇతర ప్రాంతాలలో 96,000 రూపాయలకు మించరాదు. 2022 నాటి మార్గదర్శకాల ప్రకారం ఒక్కొక్క బిడ్డకు నెలకు 4,000 రూపాయలు చెల్లిస్తారు. జిల్లా బాలల పరిరక్షణ విభాగం దరఖాస్తులను పరిశీలించగా, కలెక్టర్ అధ్యక్షతన గల కమిటీ ఆమోదిస్తుంది. ఆపదలో ఉన్న బాలల విషయంలో 1098 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ప్రసూతి సమయంలో కోల్పోయే కూలికి బదులుగా గర్భిణులకు, బాలింతలకు 6,000 రూపాయలకు తగ్గకుండా ప్రసూతి ప్రయోజనం ఉండాలని 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం పేర్కొన్నది. ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రసవించిన వారికి మగబిడ్డ అయితే 12,000, ఆడబిడ్డ అయితే 13,000 రూపాయలను విడతలుగా అందించే పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో ప్రారంభించింది. ఇవి కాన్పు చుట్టూ ఉన్న కొద్ది నెలలకు ఆదరువు. ఆ తరువాతి రెండున్నర ఏళ్ళకు అవసరమైనది నీడనిచ్చే గది.

ఇతర దేశాల తీరు

పలు సంపన్న దేశాలలో పద్ధతి వేరు. అక్కడ కుటుంబం ముందుగా కేంద్రాన్ని ఎంచుకుంటుంది. ప్రభుత్వం ఆ రుసుములో వాటా భరిస్తుంది. బ్రిటన్‌లో 2017లో ప్రారంభమైన పథకం కింద తల్లిదండ్రులు ప్రత్యేక ఖాతాలో 8 పౌండ్లు జమచేస్తే ప్రభుత్వం 2 పౌండ్లు చేర్చుతుంది. ఆస్ట్రేలియాలో 2018 జులై నుంచి కుటుంబ ఆదాయాన్ని బట్టి లెక్కించిన సబ్సిడీ నేరుగా కేంద్రానికి చేరుతుంది. స్వీడన్ 2002లో రుసుముకు గరిష్ఠ పరిమితి విధించి, మొదటి బిడ్డకు ఆదాయంలో 3 శాతానికి మించరాదని నిర్ణయించింది. అమెరికాలో 1990 నాటి చట్టం కింద తక్కువ ఆదాయం గల కుటుంబాలకు రాష్ట్రాల ద్వారా సాయం అందుతుండగా, ఇతరులకు ఆదాయపు పన్నులో కొంత మినహాయింపు ఉన్నది.

ఈ పద్ధతులను యథాతథంగా ఇక్కడకు తెచ్చుకోవడం సాధ్యం కాదు. చెల్లించేందుకు డబ్బు ఇచ్చినా, చేర్పించేందుకు సమీపంలో నమ్మకమైన కేంద్రం లేనప్పుడు ఆ సాయం వృథా అవుతుంది. పన్ను చెల్లించే స్థాయి ఆదాయం లేని కుటుంబానికి పన్ను మినహాయింపు వలన ఒరిగేదేమీ లేదు. కాబట్టి మన పరిస్థితులలో ముందు స్థలం, మనిషి, సమయం సమకూర్చడమే సరైన క్రమమని భావించవచ్చు. ఆదాయాన్ని బట్టి రుసుము అన్న స్వీడన్ సూత్రం మాత్రం 2017 నాటి మన క్రెచ్ పథకంలోని 20, 100, 200 రూపాయల శ్రేణులకు దగ్గరగా ఉన్నదని గుర్తించాలి.

క్షేత్ర స్థాయిలో పరిశీలించవలసినవి

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణతో మెదక్ పట్టణం జిల్లా కేంద్రమైంది. 2011 జనాభా లెక్కల నాటికి సుమారు 44 వేల జనాభా గల ఈ పట్టణానికి కలెక్టరేట్, తదితర జిల్లా కార్యాలయాలు వచ్చాయి. ఉద్యోగులు, చిరు వ్యాపారులు, భవన నిర్మాణ కూలీలు పెరిగే కొద్దీ అవ్వ తాతలు వెంట లేని చిన్న కుటుంబాల సంఖ్య కూడా పెరగడం సహజం. అంగన్‌వాడీ కమ్ క్రెచ్‌ల మంజూరుకు రాష్ట్రం నుంచి కేంద్రానికి ప్రతిపాదనలు వెళ్ళవలసి ఉంటుంది. ఆ ప్రతిపాదనకు బలం చేకూర్చేది ఏ వార్డులో, ఏ గ్రామంలో ఎంతమంది తల్లులకు ఏ వేళల్లో ఆసరా అవసరమన్న స్థానిక సమాచారమే.

ఈ సందర్భంగా అధికారులు, పాత్రికేయులు కేంద్రాన్ని సందర్శించినప్పుడు అయిదు విషయాలను పరిశీలించడం సముచితం. ఒకటి, రిజిస్టరులో నమోదైన పిల్లలలో మూడేళ్ళ లోపు వారు ఎందరు? రెండు, కేంద్రం తెరిచే, మూసే వేళలు అక్కడి తల్లుల పనివేళలతో సరిపోతున్నవా? మూడు, కార్యకర్తకు, సహాయకురాలికి గౌరవ వేతనం నెలనెలా అందుతున్నదా? నాలుగు, పసిపిల్లలు నిద్రించేందుకు చోటు, తాగునీరు, మరుగుదొడ్డి, వంట చేసే చోటికి పిల్లలు పోకుండా అడ్డు ఉన్నవా? అయిదు, చిన్నవారిని చూసుకొనేందుకు బడి మానిన అక్కలు ఆ వీధిలో ఉన్నారా? మొదటి నాలుగింటికి సమాధానం రికార్డులో, కేంద్రంలో దొరుకుతుంది. అయిదవ దానికి పొరుగున ఉన్న పాఠశాల హాజరు పట్టీని కూడా చూడవలసి ఉంటుంది. మహిళా శిశు సంక్షేమ, విద్య, కార్మిక, పంచాయతీరాజ్ శాఖలు ఈ విషయంలో కలిసి పనిచేయవలసిన ఆవశ్యకత అక్కడే స్పష్టమవుతుంది.

కుటుంబాలు సైతం తమకు వర్తించే మార్గాన్ని ఎంచుకోవాలి. 50 మందికి పైగా పనిచేసే సంస్థలో ఉన్న తల్లి యాజమాన్యాన్ని, ఆ తరువాత కార్మిక శాఖను సంప్రదించవచ్చు. కూలీ తల్లులు సమీప అంగన్‌వాడీ టీచరును లేదా శిశు అభివృద్ధి పథకం అధికారిని సంప్రదించి, క్రెచ్ అవసరాన్ని గ్రామసభలోనూ తెలియజేయవచ్చు. ఒంటరి తల్లులు, అనాథ బాలలను పెంచుతున్న బంధువులు స్పాన్సర్‌షిప్ కోసం జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అడిగినవారి పేర్లు, అవసరాలు నమోదైనప్పుడే తదుపరి మంజూరుకు ఆధారం ఏర్పడుతుంది.

పథకాల పేర్లు 1975 నుంచి పలుమార్లు మారాయి. గౌరవ వేతనాలు, వాటాలు, నిబంధనలు మారాయి. మారనిది పసిబిడ్డకు పగటి పూట ఒక పెద్ద మనిషి తోడు కావాలన్న అవసరం. ఆ తోడు దొరికిన ఇంట తల్లి కూలి నిలుస్తుంది, అక్క బడికి వెళుతుంది, అవ్వకు కొంత విశ్రాంతి లభిస్తుంది. నెలకు 430 రూపాయల ఖర్చుతో ఈ మూడూ సాధ్యమయ్యే చోట కేంద్రం తలుపు తల్లి పనికి బయలుదేరే వేళకు తెరిచి ఉన్నదా అన్నదే సాయం అందినదీ లేనిదీ తేల్చే గీటురాయి.